వార్డులో వాంతులు, విరేచనాలా? ముందు కౌన్సిల్‌ను కాపాడుకోండి

తెనాలి, బాపట్ల, రేపల్లె మున్సిపాలిటీల్లో కొత్తగా కుర్చీ ఎక్కినవారికీ, ఎక్కబోయేవారికీ ఈ నాలుగు మాటలు. మొదటి ఏడాది శాలువాలతో, శిలాఫలకాలతో గడిచిపోతుంది. ఆ తర్వాత ఒక వేసవి చివర, మంచినీళ్ళ చెరువు అడుగంటి, కాలవలకు ఇంకా నీళ్ళు వదలని రోజుల్లో, ఏదో ఒక వార్డులో ఒకే వీధిలో ఆరుగురికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. ఏడో మనిషిని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తుండగా మీ ఫోన్ మోగుతుంది. కంగారు పడకండి. రోగం వచ్చింది వాళ్ళకి. మీదాకా వచ్చింది కబురే. దానికి మందులు చాలా ఉన్నాయి.

వార్డుకి వెళ్ళండి. మంచం పక్కన నిలబడి "ఏం తిన్నావమ్మా?" అని అడగండి. ఏం తాగావని మాత్రం అడగొద్దు. తిండి సంగతి అడిగితే పెళ్ళి భోజనం, మాగీ మాగని మామిడిపండు, నిన్నటి చేపల పులుసు, బండి మీద పునుగులు, ఎవరో ఒక ముద్దాయి దొరక్కపోడు. పునుగుల బండి ఒకటి ఎత్తించేస్తే చర్య తీసుకున్నట్టూ ఉంటుంది, పేపర్లో ఫొటోకీ పనికొస్తుంది. నీళ్ళ సంగతి అడిగారా, దారి తిన్నగా మీ ఆఫీసుకే వస్తుంది.

జబ్బుపడ్డ ఇళ్ళను మ్యాపు మీద చుక్కలు పెట్టి చూద్దామని ఏ ఏఎన్ఎం అమ్మాయో ఉత్సాహపడితే సున్నితంగా వారించండి. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు ఈ పనే చేశాడు. చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ పోగుపడి కనిపించాయి. అక్కడి పేటపెద్దలు ఆయన మాట పూర్తిగా నమ్మకపోయినా పంపు పిడి ఊడదీయించారు. చూశారా తొందరపాటు! మన ఊళ్ళలో ఆ చుక్కలు పంపు చుట్టూ కాదు, ఒక పైపు వెంబడే బారుగా పడతాయి. తిండి వల్ల వచ్చిన రోగమైతే తిన్నవాళ్ళు ఎక్కడుంటే అక్కడ చెదురుమదురుగా కనిపిస్తుంది. నీళ్ళ వల్ల వచ్చిందైతే ఒకే వాల్వు కింద ఉన్న వీధుల్లో వరసగా కనిపిస్తుంది, పక్క వాల్వు వీధిలో ఒక్కరికీ ఉండదు. ఈ తేడా చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. అందుకే మ్యాపు బయటికి తీయకూడదు.

ఇక బ్లీచింగ్. మీ పాలిట కల్పవృక్షం ఇదే. రోడ్డుకి రెండువైపులా తెల్లటి చారలు పడేలా చల్లించండి. ముగ్గు వేసిన వీధిని చూసి ఎంతటివాడైనా మెత్తబడతాడు. తాజా బ్లీచింగ్ పొడిలో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుందనీ, మూతి విప్పిన బస్తా నెలల తరబడి గోదాములో చెమ్మకు పడి ఉంటే అది కాస్తా ఆవిరై సున్నమే మిగులుతుందనీ కెమిస్ట్రీ మాస్టార్లు చెబుతారు. మీకెందుకు? తెలుపు తెలుపే. ఆ బస్తాలో సగమైనా ఓవర్‌హెడ్ ట్యాంకులోకి లెక్కప్రకారం వెళ్ళాలంటే కొలవాలి, కలపాలి, అరగంటైనా ఆగాలి, పైగా ఫొటో రాదు. డ్రైన్ల అంచున చల్లితే అంతా కనిపిస్తుంది, రోగం పైపులోనుంచి పోతూ ఉంటుంది. ఎవరి దారి వారిది.

2020లో ఈ విద్య శిఖరానికి చేరింది. కోవిడ్ రోజుల్లో ఊరూరా ఫైరింజన్లతో రోడ్లమీద హైపోక్లోరైట్ కొట్టాం, రైతుబజార్ల గుమ్మాల్లో సొరంగాలు కట్టి మనుషుల మీద కూడా కొట్టాం. మనుషుల మీద కొట్టొద్దు, ఉపయోగం లేకపోగా హాని అని ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీధుల మీద కొట్టడం వల్ల ఒరిగేదేం లేదంది. అప్పటికి మన సొరంగాలకు రిబ్బన్ కటింగులు అయిపోయాయి కాబట్టి నష్టమేం లేదు. ఆ ఏడాది మార్చి 15న మున్సిపల్ ఎన్నికలు వాయిదా పడి, మళ్ళీ చాలా ఊళ్ళలో 2021 మార్చి 10న జరిగాయని గుర్తు చేసుకోండి. మహమ్మారి మొదటి ఏడాదంతా ఊళ్ళకు ఎన్నికైన కౌన్సిళ్ళు లేవు, ప్రత్యేకాధికారులే ఉన్నారు. కాబట్టి ఎవరడిగినా "అప్పుడు మేం లేమండీ" అనొచ్చు. నిజం చెప్పి తప్పించుకునే అవకాశం మన వృత్తిలో తరచుగా రాదు.

నీళ్ళ శాంపిల్ తీయక తప్పదు. ఇందులో నేర్పు కావాలి. మన ఊళ్ళలో కుళాయి రోజంతా రాదు. పూట పూటకూ ఓ గంట వస్తుంది, ఆగుతుంది. నీళ్ళు ఆగాక పైపు ఖాళీ అయి లోపలికి పీలుస్తుంది. పైపుకి ఎక్కడ చిల్లుంటే అక్కడ, చుట్టూ ఏముంటే అది లోపలికి వస్తుంది. ఇంటి కనెక్షన్ పైపులు సైడు కాలవ మురుగులో మునిగి పోతుంటాయి కాబట్టి ఏం వస్తుందో చెప్పనక్కర్లేదు. దీనికి తోడు ఇంటింటా కుళాయికి మోటారు తగిలించి లాగేవాళ్ళుంటారు. వాళ్ళు లాగేది పై ట్యాంకు నీళ్ళొక్కటే కాదు. ఇంత జరిగాక మర్నాడు పొద్దున కుళాయి తిప్పగానే వచ్చే మొదటి బిందెలోనే ఉంటుంది అసలు సరుకు. మీరు ఆ బిందె జోలికి పోకండి. పది నిమిషాలు నీళ్ళు వదిలేసి, తేటపడ్డాక పట్టండి. ఇంకా మంచిది, పట్టేది వీధి చివరి కుళాయిలో కాకుండా ట్యాంకు మొదట్లోనే పట్టండి. అక్కడ నీళ్ళు ఎప్పుడూ బాగానే ఉంటాయి.

క్లోరిన్ చూసే చుక్కల సీసా ఒకటి ఉంటుంది. నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. చిట్టచివరి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది రూలు. రోగం ప్రబలినప్పుడు 0.5 ఉండేట్టు చూడాలంటారు. చివరి కుళాయి అంటే ఊరి చివర పల్లపు వీధి. అక్కడికి కారు పోదు. మీ క్వార్టర్స్ కుళాయి దగ్గర వేయించండి, చక్కగా చేమంతి రంగు వస్తుంది. ల్యాబుకి పంపేటప్పుడు శుద్ధిచేసిన సీసా, ఐసు పెట్టె అంటూ హడావుడి చేయకుండా, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి గుంటూరు బస్సులో డ్రైవరుకిచ్చి పంపండి. రిపోర్టు రావడానికి ఎలాగూ ఒకటి రెండు రోజులు పడుతుంది. వచ్చేదాకా "రిపోర్టు రావాల్సి ఉంది" అనండి. వచ్చాక "రిపోర్టులో ఏమీ లేదు" అనండి. రోగుల మలం శాంపిల్ ఎవరైనా అడిగితే ముక్కు మూసుకుని మాట మార్చండి.

చావులు సంభవిస్తే లెక్క మీ చేతుల్లో ఉంచుకోండి. ముసలాయనైతే వయోభారం. షుగరున్న ఆవిడైతే షుగరు. ఎవరికైనా గుండె ఆగకుండా ప్రాణం పోదు కాబట్టి గుండెపోటు అందరికీ వర్తిస్తుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలినప్పుడు, ఎంతమంది డయేరియాతో పోయారు, ఎంతమంది వేరే జబ్బులతో పోయారన్న తగవు పైస్థాయిలోనే రోజుల తరబడి నడిచింది. లెక్క తేలేలోపు జనం నీళ్ళు కాచుకుని తాగడం అలవాటు చేసుకుంటారు, రోగం దానంతటదే తగ్గుతుంది. తగ్గినందుకు మీరు ప్రెస్ మీట్ పెట్టొచ్చు.

మన మూడు ఊళ్ళకీ దేవుడిచ్చిన వరం ఒకటుంది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవ సీతానగరం దగ్గర మొదలై దుగ్గిరాల దాకా వచ్చి చీలుతుంది. తెనాలి ఊరి నడుమ నుంచే మూడు కాలవలు పోతాయి. సముద్రానికి దగ్గరైన కొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్ళు కాబట్టి బాపట్ల, రేపల్లె వైపు కూడా కాలవ నీళ్ళే గతి. అంటే ప్రతి ఊరికీ ఎగువన ఇంకో ఊరు ఉంది. రేపల్లెలో రోగమొస్తే తెనాలి వైపు చూపించండి. తెనాలి వాళ్ళు విజయవాడ వైపు చూపిస్తారు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇంకో సుఖం కలిసొచ్చింది. బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఇప్పుడు నీళ్ళు జిల్లా సరిహద్దు దాటి వస్తాయి. ఒక కలెక్టరాఫీసు నుంచి ఇంకో కలెక్టరాఫీసుకి లేఖ వెళ్ళి జవాబు వచ్చేలోపు రోగికి సెలైన్ ఎక్కడమూ, దిగడమూ అయిపోతాయి. కాలవ నీళ్ళు ఎంత మురికైనా ఫిల్టరు బెడ్డూ క్లోరినూ దాటి వస్తాయనీ, ఒకే వీధిలో రోగమొస్తే తప్పు కాలవది కాదనీ ఎవరైనా అంటే, వాడు ప్రతిపక్షమో కాదో కనుక్కోండి.

వరదో తుపానో వస్తే మీ అదృష్టం పండినట్టే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలితే కొల్లూరు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. అలాంటప్పుడు ఏ రోగమైనా ప్రకృతి ఖాతాలో పడుతుంది. అయితే 1977 నవంబరు 19 ఉప్పెన నాటి సంగతులు తెలిసిన ముసలివాళ్ళని మీటింగుకి పిలవకండి. దివిసీమ నుంచి మన తీరం దాకా వేలమంది పోయి, శవాల్ని పేరూ ఊరూ తెలియకుండానే సామూహికంగా దహనం చేసిన రోజులవి. వాళ్ళు వచ్చి తిన్నగా మంచినీళ్ళ గురించే అడుగుతారు.

గుంటూరు సంగతి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. 2018 మార్చిలో ఆనందపేట, ఆ చుట్టుపక్కల వీధుల్లో తాగునీళ్ళలో మురుగు కలిసి వందలమంది ఆసుపత్రిపాలయ్యారు, పదిమందికి పైగా పోయారు. తర్వాత ఇంజినీర్లను సస్పెండ్ చేశారు. పాఠం స్పష్టంగా ఉంది. "ఈ లైను పాతది, మార్చాలి" అని నోట్ పెట్టే ఏఈ మీ ఆఫీసులో ఉంటే ఆ నోట్ మీద మీరు సంతకం పెట్టకండి. "చర్చించగలరు" అని రాసి వెనక్కి పంపండి. తర్వాత సస్పెండ్ చేయడానికి ఆయనే ఉంటాడు.

అయినా పైపు మార్చమని వార్డు మెంబరు పట్టుబడితే, దానికీ దారుంది. ఆ వీధికి సీసీ రోడ్డు శాంక్షన్ చేయించండి. పైపు మార్చకుండానే పైన రోడ్డు పోయించేయండి. సిమెంటు ఆరాక లీకేజీ ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. తవ్వుదామంటే కాంట్రాక్టరు బిల్లు ఇంకా రాలేదంటాడు. బిల్లు వచ్చాక తవ్వుదామంటే, నిన్నగాక మొన్న వేసిన రోడ్డు తవ్వుతారా అని వీధివాళ్ళే మీ తరఫున గొడవ చేస్తారు.