అటక మీది సామాను

1930ల సంగతి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ ఊళ్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి పెద్ద కార్ఖానా ఉండేది. అక్కడ పనిముట్లకూ విడిభాగాలకూ పెట్టిన కాపలా మామూలు కాపలా కాదు. పనివాళ్లు ఎక్కడ ఎత్తుకుపోతారోనని పైవాళ్లకు ఒకటే బెంగ.

సాయంత్రం గేటు దగ్గర టిఫిన్ బాక్సు మూత తీసి చూపిస్తేగాని మనిషిని బయటికి వదలని చోట్లు మన దగ్గరా ఉన్నాయి. ఆ మూత తీసేటప్పుడు అతని ముఖం ఎప్పుడైనా చూశారా? పొద్దున్నుంచీ ఒళ్లు దాచుకోకుండా పనిచేసినవాడి తల ఆ ఒక్క నిమిషంలో వాలిపోతుంది.

షెనెక్టడీ వాళ్లకు మాత్రం రోషం పొడుచుకొచ్చింది. 'దొంగలమనేగా మీ అనుమానం? అయితే చూడండి' అన్నట్టు దొరికింది దొరికినట్టు ఇళ్లకు మోసుకుపోయారు. కంపెనీ సామాను ఊరంతా తేలింది. కొందరు కుర్రాళ్లు కలిసి ఉండే ఒక ఇంటి అటకయితే దాంతో నిండిపోయింది. పైన స్విచ్ వేస్తే వీధి వీధంతా దీపాలు మసకబారేవి! అంతా చేసి, చాలామంది ఆ సామానుతో చేసుకున్నది ఉద్యోగంలో అక్కరకొచ్చే ప్రయోగాలు, చెయ్యి తిరగడానికి సాధన. అడిగితే చేతికివ్వాల్సిన వస్తువులే అవన్నీ.

ఏళ్లు గడిచాయి. ఇది కాలిఫోర్నియాలో మరో కంపెనీ. ఇక్కడ స్టోరు రూము ఎప్పుడూ తెరిచే ఉండాలి. కొత్త ఆలోచన ఏదైనా తోస్తే సెలవు రోజున ఇంట్లో కూర్చుని పరీక్షించుకోవడానికైనా సరే, కావలసింది పట్టుకెళ్లొచ్చు. ఆ సంగతి తెలియనివాళ్లెవరో ఒకసారి తాళం వేశారు. సెలవు పూట మైక్రోస్కోపు కోసం వచ్చిన ఒకాయన ఆ తాళం చూశాడు. గడియ ఊడబెరికాడు. 'ఈ గదికి ఇంకెప్పుడూ తాళం వెయ్యొద్దు' అని చీటీ రాసిపెట్టి వెళ్లాడు.

దొంగెవరని ఎవరూ వెతకలేదు. చీటీ రాసినాయన బిల్ హ్యూలెట్. 1939లో మొదలైన హ్యూలెట్-పాకార్డ్ కంపెనీకి ఇద్దరు యజమానుల్లో ఒకడు.

అసలు తాళాలే ఉండకూడదని పట్టుబట్టింది రెండో యజమాని డేవిడ్ పాకార్డ్. అంతకుముందు ఆయన ఉద్యోగం చేసింది షెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్‌లోనే. ఉన్నది ఆ అటక ఇంట్లోనే.