పద్దెనిమిది మీటర్లకు అంగుళం తక్కువ

కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. అంత పోసి కొన్నాక రెండంతస్తులతో సరిపెట్టుకుంటే మర్యాదగా ఉండదు కాబట్టి, అటువైపు యాభై దాటి లేపుతున్నారు. ఆ వార్తలు చదివినప్పటి నుంచి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు ప్రాణం ఉసూరుమంటోంది. మనకేం తక్కువ? త్యాగరాయ గానసభ ఉంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. నారాయణగూడలో తాజ్‌మహల్ హోటల్ ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి రెండు మెట్రో స్టేషన్లూ ఉన్నాయి. లేనిదల్లా ఆకాశహర్మ్యం ఒక్కటే. ఆ ముచ్చటా తీర్చేసుకుందాం రండి.

చట్టం అడ్డుపడుతుందన్న భయం వద్దు. ముంబయిలో ఇంత స్థలంలో ఇంతే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ లెక్క ఒకటుంది. మన ఏలినవారు 2006లోనే ఆ లెక్క చుట్టచుట్టి అటక మీద పడేశారు. రోడ్డు వెడల్పు చూపించు, చుట్టూ ఖాళీ చూపించు, ఎంత ఎత్తయినా కట్టుకో అన్నారు. ఇంతకన్నా ఉదారంగా ఏ ప్రభుత్వమైనా ఆకాశాన్ని పంచిపెట్టిందా?

చిక్కల్లా నేల దగ్గరే వచ్చింది. 2012 నాటి జీవో 168 ప్రకారం పద్దెనిమిది మీటర్లు, ఆపైన ఉంటే హైరైజ్. అలాంటి భవనానికి కనీసం రెండు వేల చదరపు మీటర్ల స్థలం కావాలి, అంటే 2,400 గజాలకు కాస్త తక్కువ. ముందు నలభై అడుగుల రోడ్డుండాలి. ఫైరింజన్ తిరగడానికి చుట్టూ ఏడు మీటర్లు వదలాలి. యాభై మీటర్లు దాటాలనుకుంటే వంద అడుగుల రోడ్డూ, చుట్టూ పదహారు మీటర్ల ఖాళీ.

మా పేటలో ఇళ్లు రెండు వందల గజాలు, మూడు వందల గజాలు. 2,400 గజాలు కావాలంటే పది ఇళ్లవాళ్లు ఒక్క మాట మీదికి రావాలి. ఒక్క ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు ఒక్క మాట మీదికి రాక సిటీ సివిల్ కోర్టు చుట్టూ తిరుగుతున్న చోట ఇది జరిగే పనేనా? ఇక పెద్ద స్థలాలంటే సినిమా హాళ్లవే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎం.ఎం., ఓడియన్ ఇప్పటికే నేలమట్టమయ్యాయి. అయితే హాలు పడగొట్టినవాళ్ల కన్ను మాల్ మీద ఉంటుంది గానీ మన డబుల్ బెడ్‌రూమ్ మీద ఉండదు.

నలభై అడుగుల రోడ్డంటారా, కాగితం మీద ఎక్కడైనా ఉంటుంది. దిగి చూస్తే అటు ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఇటు ఒక టిఫిన్ బండి, రెండు వైపులా హాస్టల్ కుర్రాళ్ల బైకులు. మిగిలిన సందులో నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తుంటే వాచ్‌మన్ ‘రానీ రానీ’ అంటూ ఉంటాడు. ఫైరింజన్ మాట తర్వాత, ముందు ఆ ట్యాంకరు బయటపడాలి.

అందుకని మా పేట బిల్డర్లు ఆకాశం జోలికి పోకుండా పద్దెనిమిది మీటర్లకు అంగుళం తక్కువలో ఆగడం నేర్చుకున్నారు. స్టిల్ట్ మీద ఐదంతస్తులు. అక్కడ ఆగితే హైరైజ్ కాదు. హైరైజ్ కాకపోతే చుట్టూ ఏడు మీటర్లు వదలక్కర్లేదు, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కోసం తిరగక్కర్లేదు. పర్మిషన్ చేతికొచ్చాక ఆ అంగుళం మీద ఒక పెంట్‌హౌస్ మొలుస్తుంది. పెంట్‌హౌస్ మీద రేకుల షెడ్డు, షెడ్డు మీద వాటర్ ట్యాంకు, ట్యాంకు మీద సెల్ టవరు. కింది నుంచి పైదాకా కలిపి కొలిస్తే ఎంతవుతుందో చట్టానికి తెలియదు. చట్టం కొలిచేది డ్రాయింగుని.

డ్రాయింగు అంటే గుర్తొచ్చింది, మనవాళ్లు ఒక్క బిల్డింగుకి నాలుగు ప్లాన్లు గీయిస్తారు. మొదటిది కార్పొరేషన్‌కిచ్చేది. అందులో సెట్‌బ్యాకులు, ఇంకుడు గుంత, వరసగా చెట్లు, అన్నీ పద్ధతిగా ఉంటాయి. రెండోది బ్యాంకుకి. మూడోది బ్రోచర్లో వేసేది. అందులో పిల్లలు గడ్డిలో పరుగెడుతుంటారు, అశోక్‌నగర్ గల్లీ సింగపూర్‌లా మెరుస్తుంటుంది. నాలుగోది మేస్త్రీ చేతిలో ఉంటుంది. మడతలు పడి, సిమెంటు మరకలతో, ఒక మూల టీ గ్లాసు అచ్చుతో. వాస్తు సిద్ధాంతి వచ్చి ఈశాన్యంలో మెట్లు కూడదని పెన్సిలు గీత గీసి పోయాక, అసలు కట్టేది దాన్ని బట్టే. ఆ మధ్య ఓ సైటులో, పర్మిషన్ ప్లాన్‌లో ఇక్కడ వెంటిలేషన్ డక్టు ఉంది కదయ్యా, బాత్రూమ్ ఎలా వచ్చిందని అడిగాను. మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు. “అది ఆఫీసుల చూపెట్టేది సార్. ఇది కట్టేది,” అన్నాడు. పట్టణ ప్రణాళిక మీద ఇంత క్లుప్తమైన వ్యాఖ్యానం నేను ఏ నిపుణుడి నోటా వినలేదు.

నిజం చెప్పాలంటే మా పేటలో అసలైన హైరైజ్ ఒకటి లేచే ఉంది. అందులో ఎవరూ కాపురం ఉండరు. అది ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా రూ.450 కోట్లతో కట్టిన ఉక్కు వంతెన. 2023 ఆగస్టు 19న తెరిచి, వీఎస్టీ కార్మిక నాయకుడిగా ఎదిగిన నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర రోడ్డు మీద మెట్రో, మెట్రో మీద ఈ వంతెన. ఇల్లు కట్టేవాడికి చుట్టూ వదలాల్సిన ఖాళీ లెక్కలు బోలెడు. వంతెనకి ఆ పట్టింపు లేదు. దాని పక్క అపార్టుమెంట్లలో పై అంతస్తువాళ్లు బట్టలారేసుకుంటూ కార్లో ఎవరెవరు వెళ్తున్నారో చూడొచ్చు. బ్రోచర్లో దీన్ని ‘ఫ్లైఓవర్ వ్యూ’ అని వేసి చదరపు అడుక్కి రెండొందలు పెంచినా అడిగే నాథుడు లేడు.

ఇక ‘లేక్ వ్యూ’ కూడా ఉంది, ఎవరూ చెప్పుకోరంతే. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీళ్లు మూసీకి పోయే నాలా అశోక్‌నగర్ పక్కనుంచే వెళ్తుంది. మనం చెరువు దగ్గరికి వెళ్లక్కర్లేదు, చెరువే మన దగ్గరికొస్తుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్ల వాన పడినప్పుడు అశోక్‌నగర్, దోమలగూడ ఇళ్లలోకి అలాగే వచ్చింది. అలాంటి చోట భూమిని తవ్వి సెల్లార్లు కట్టడం మన ధైర్యానికి గుర్తు. ప్లాన్‌లో సెల్లార్ అంటే పార్కింగు. నేల మీద మాత్రం అది జిరాక్స్ సెంటరు, మెస్సు, స్టడీ హాలు.

స్టడీ హాలు దగ్గర కాసేపు వేళాకోళం ఆపాలి. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్ లైబ్రరీలోకి వాననీళ్లు దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. అశోక్‌నగర్ మనకి రాజిందర్ నగరే. పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి అప్పు చేసి కోచింగ్‌కి వచ్చిన పిల్లలు ఇక్కడ గదికి ఇంత కాదు, మంచానికి ఇంత అని అద్దె కడతారు. ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి ఎన్ని గదులు తీయొచ్చో మా ఓనర్లకు తెలిసినంతగా ఏ ఆర్కిటెక్టుకీ తెలియదు. మూడంతస్తులకే పర్మిషన్ ఉన్న భవనం ఐదో అంతస్తులో, రేకుల కింద, ఒక కుర్రాడు మంచం మీద బాసింపట్టు వేసుకుని ‘74వ రాజ్యాంగ సవరణ తర్వాత పురపాలక సంస్థల పనితీరు’ మీద వ్యాసం రాస్తుంటాడు. గ్రూప్-1 పోస్టుల్లో మున్సిపల్ కమిషనర్ కూడా ఉందని అతనికి తెలుసు. తాను కూర్చున్న అంతస్తు పురపాలక సంస్థ లెక్కలో లేదన్నది మాత్రం సిలబస్‌లో లేదు.

ఇదంతా ప్రభుత్వానికి పట్టదని అనుకుంటే పాపం తగులుతుంది. 2020 నవంబరులో భవనాల పర్మిషన్ల కోసం టీఎస్-బీపాస్ వచ్చింది. డెబ్బై అయిదు గజాల లోపు ఇంటికి రూపాయి కడితే చాలన్నారు. ఐదొందల చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు మన మాట మీదే అప్పటికప్పుడు పర్మిషన్. పది మీటర్లంటే స్టిల్ట్ మీద రెండంతస్తులు. మాట మీద నమ్మకం ఉంచారు కదాని మనం ఇంకో రెండు వేస్తాం. బిల్డరు మాట తప్పకుండా ఉండాలని కట్టే దాంట్లో పది శాతం తాకట్టు పెట్టించుకునే ఏర్పాటూ ఉంది. మిగతా తొంభై శాతంతో ఆయన సుఖంగానే ఉంటాడు.

తప్పిన తర్వాత కూడా దారులున్నాయి. 2007లో బీపీఎస్ పేరుతో, 2015లో బీఆర్‌ఎస్ పేరుతో (పార్టీ కాదు, స్కీము) కట్టేసినవాటిని క్రమబద్ధీకరిస్తామన్నారు. రెండోది హైకోర్టులో చిక్కుకుంది. అయినా మా బిల్డర్లకు బెంగ లేదు, ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇంకో స్కీము వస్తుందన్న నమ్మకం వాళ్లది. ఈలోగా ఒక విభాగం అంతస్తు అక్రమమని నోటీసు అంటించి పోతుంది, ఇంకో విభాగం అదే అంతస్తుకు జరిమానా కలిపి ఆస్తి పన్ను కట్టించుకుని రసీదు ఇస్తుంది. ఓనరు రెండింటినీ ఒకే ఫైల్లో భద్రంగా దాచుకుంటాడు.

పోనీ, కొనే మనమేమైనా తక్కువవాళ్లమా? ఈస్ట్ ఫేసింగేనా అని అడుగుతాం. వంటగది ఆగ్నేయంలోనే ఉందా అని దిక్సూచి పెట్టి చూస్తాం. మంజీరా నీళ్లా, బోరు నీళ్లా అని ఆరా తీస్తాం. లిఫ్టు కంపెనీ పేరు కనుక్కుంటాం. నూటికొకరు నోరు తెరిచి ఓసీ ఉందా అంటే బిల్డరు నవ్వుతాడు. “రిజిస్ట్రేషన్ అయితది, లోన్ వస్తది, కరెంటు మీటర్ పెడ్తరు. ఇగ ఓసీతోని ఏం జేస్తరు సార్?” ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని భవనానికి మామూలు కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇవ్వకూడదనేది నిబంధన. అది ఆయనకూ తెలుసు. మనం అడగమనీ తెలుసు.

కాబట్టి మా పేటకి ఆకాశహర్మ్యం రాలేదని ఎవరూ దిగులు పడొద్దు. యాభై అంతస్తులు కట్టేవాడు ఏ తప్పు చేసినా ఊరంతటికీ కనబడుతుంది. మన దగ్గర గల్లీకో అంతస్తు చొప్పున దొంగచాటుగా పెరుగుతుంది, ఎవరికీ కనబడదు. కార్పొరేషన్ కొలత పట్టుకుని రానంత కాలం, మనం కాగితం అడగనంత కాలం అది పెరుగుతూనే ఉంటుంది.

ఫ్లాటు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. దిక్సూచి ఇంట్లో పెట్టి వెళ్లండి. మంజూరైన ప్లాన్ కాపీ అడిగి తీసుకుని, అందులో ఎన్ని అంతస్తులున్నాయో చూడండి. తర్వాత రోడ్డు మీదికొచ్చి, తలెత్తి, భవనానికి ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి. రెండు అంకెలూ కలవకపోతే అడ్వాన్సు చెక్కు జేబులోంచి తీయకండి.