కలమల్ల నడినెత్తి మీద ఎం 87: ఒక గెలాక్సీ కథ

ఈ గెలాక్సీ, భూమికి సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, వెయ్యికి పైగా గెలాక్సీలు పరస్పర ఆకర్షణతో కూడి ఉన్న కన్యారాశి గుచ్ఛం నడుమ ఉన్నది; 1781లో షార్ల్ మెస్సియే తన పట్టికలో 87వదిగా చేర్చినందువల్ల ఎం 87 అన్న పేరు దానికి స్థిరపడింది. ఇది దీర్ఘవృత్తాకార గెలాక్సీ, అంటే పాలపుంతకున్నట్టు చుట్టలు తిరిగిన భుజాలు లేక, నక్షత్రాలు తలా ఒక దిక్కుగా తిరుగుతూ కోలగానో గుండ్రంగానో గుమిగూడినది. ఆ ఆకారం పుట్టుకతో వచ్చినది కాదు. ఇరుగుపొరుగు గెలాక్సీలను యుగాల తరబడి మింగుతూ పెరిగినందున వాటి భ్రమణక్రమం చెదిరి ఏర్పడినది. గోళాకార గుచ్ఛాలు, అనగా లక్షలాది ముసలి నక్షత్రాలు కిక్కిరిసిన ముద్దలు, పాలపుంతకు 150 పైచిలుకు కాగా దీనికి సుమారు 12,000 ఉండటం ఆ ఆక్రమణలకు సాక్ష్యం.

కొత్త నక్షత్రాల పుట్టుక ఇక్కడ దాదాపు ఆగిపోయింది. వాయువు లేక కాదు, అది కోట్ల డిగ్రీల వేడిలో ఉండి చల్లారలేకపోవడం వల్ల. ఆ వేడిని నిలుపుతున్నది 650 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల కేంద్ర కృష్ణబిలం; 1918లో హెబర్ కర్టిస్ గమనించిన తిన్నని కిరణం దాని దగ్గరినుంచి ఎగజిమ్మే ధారే. 2019 ఏప్రిల్ 10న లోకం చూసిన తొలి కృష్ణబిల చిత్రమూ దీనిదే.

నేడు కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమల్ల ఊరి మీద పడుతున్న ఎం 87 వెలుగు బయలుదేరిన కాలంలో భారత భూఖండం ఆసియాను ఢీకొంటూ ఉండగా, ఎర్రగుంట్ల క్వారీల్లోని నాపరాయి అప్పటికే కోట్ల ఏళ్ల పాతది కనుక, పెద్దరికం గెలాక్సీ వెలుగుది కాదు, రాయిదే. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని, తెలుగులో తొలిదిగా పలువురు ఎంచేదాన్ని, ఇక్కడ చెక్కే నాటికి ఆ వెలుగుకు మిగిలిన దారి 1,450 కాంతి సంవత్సరాలే, మొత్తంలో 37 వేల పాళ్లకు ఒక పాలు.

కలమల్ల అక్షాంశం సుమారు 14.7 డిగ్రీలు, గెలాక్సీ క్రాంతి, అనగా ఖగోళ మధ్యరేఖ నుంచి దాని కోణదూరం, 12.4 డిగ్రీలు కావడంతో, చంద్రుని బెడద లేని ఉగాది రాత్రి అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూగా అది నడినెత్తికి రెండు డిగ్రీలు దక్షిణంగా దాటుతుంది. ఉత్తర ఫల్గుణి నక్షత్రానికి తూర్పున, చాచిన చేతి పిడికిలంత ఎడంలో దుర్భిణితో వెదకాలి. ఊరి దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం దీపాలకు దూరంగా గండికోట వైపు వెళ్తే, చిన్న దుర్భిణికైనా మసక చుక్కలా చిక్కుతుంది, కృష్ణబిలం ధార మాత్రం చిక్కదు.