గాజువాక జోస్యాలు

గాజువాకలో ఇప్పుడు జ్యోతిష్కులకి కొదవలేదు. 2024 డిసెంబరులో మన నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ టెస్టులో 114 కొట్టాక, ‘నేను ఆనాడే చెప్పాను’ అన్నవాళ్లందరినీ వరుసలో నిలబెడితే క్యూ స్టీలుప్లాంటు గేటు దాకా వెళ్లేది. అదేం చిత్రమో, కొడుకు ఆట కోసం నితీశ్ నాన్న ముత్యాలరెడ్డి హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న నాడు ఈ జోస్యుల్లో ఒక్కరికీ నోరు పెగల్లేదు. పెగిలినా ‘మతిగానీ పోయిందా?’ అనడానికే పెగిలి ఉంటుంది.

ఇప్పుడు నాన్నలంతా క్రికెట్ అకాడమీల ముందు. ‘ఎన్ని నెలల్లో ఐపీఎల్ వస్తుందండీ?’ అని అడుగుతున్నారు, డ్రైవింగ్ స్కూల్లో లైసెన్సు సంగతి అడిగినట్టు. 2024లో ఐఐటీల్లో సీట్లు 17 వేల పైచిలుకు. ఐపీఎల్‌లో పది జట్లు, జట్టుకి మించితే 25 మంది. అందులోనూ విదేశీయుల వాటా తీసెయ్యాలి. లెక్కల ట్యూషన్ కావాల్సింది ఎవరికో మరి!

పైగా ఎవరు పైకొస్తారో ముందే చెప్పడం తేలికేం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్లో జట్టు ఆటని నడిపే క్వార్టర్‌బ్యాక్, కాలేజీలో ఆడినవాడు, ప్రొఫెషనల్‌గా రాణిస్తాడా లేదా అని తేల్చడానికి అక్కడ స్టాపువాచీలు పట్టుకుని పెద్ద సైన్యమే తిరుగుతుంది. అంత సైన్యమూ 2000లో జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో టామ్ బ్రాడీ అనే క్వార్టర్‌బ్యాక్‌ని 199వ స్థానంలో ఎంచింది. అతను ఆ ఆటలో ఫైనల్ లాంటి సూపర్‌బౌల్‌లు ఏడు గెలిచాడు. వాళ్లకి అంతుపట్టనిది మన బీచ్‌రోడ్డు మురీమిక్చర్ బండి దగ్గర రెండు నిమిషాల్లో తేలిపోతోంది.

నాన్నగార్లకి ఒకటే మనవి. బ్యాటు కొనండి, సంతోషం. ఇంటర్ ఫీజు కూడా కట్టెయ్యండి.