ఇంటింటా మందుల డబ్బా

మా రోజుల్లో ఇంట్లో మందుల డబ్బా అన్నదే ఎరగం. జ్వరమొస్తే డాక్టరుగారి దగ్గరికెళ్లేవాళ్లం. కాంపౌండరు పూటకొకటి చొప్పున పొట్లాలు కట్టేవాడు. ఎర్రమందు సీసాకు గాట్లు కత్తిరించిన కాగితం అంటించి, గాటుకొక మోతాదు అని చూపించేవాడు. సీసా ఖాళీ అయితే కడిగి మళ్లీ పట్టుకెళ్లడమే. మందు మిగిలితే కదా గడువు తీరడానికి!

ఇప్పుడు మా నక్కపల్లిలో ఏ ఇంటికెళ్లినా ఫ్రిజ్ మీద ఓ డబ్బా. అందులో రెండు అమాక్సిసిలిన్, మూడు సిప్రో, సగం తాగిన పిల్లల సిరప్పు. ఐదు రోజులు వాడమంటే రెండో రోజు జ్వరం తగ్గగానే ఆపేసి, మిగిలినవి దాస్తారు. పక్కింటావిడ గొంతు నొప్పంటే, "ఇదిగో వదినా, మా ఆయనకు ఇదే పట్టింది" అని చేతిలో పెడతారు. ఆవిడకు పెన్సిలిన్ పడుతుందో లేదో ఎవరు అడిగారు?

ఆ స్ట్రిప్పు ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. మెడికల్ షాపులో నాలుగు మాత్రలడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. తేదీ ముద్ర ఒక చివరే ఉంటుంది, ఆ ముక్క షాపులోనే ఉండిపోతుంది. మనకొచ్చేది సగం తెగిన పేరు.

ఫార్మసీ చదివే మా మనవడు, "తాతా, తేదీ దాటిన మర్నాడే మందు విషమైపోదు. అమెరికా సైన్యం పరీక్ష చేయించింది" అంటాడు. నిజమే. 1986లో మొదలుపెట్టి 122 రకాల మందులు పరీక్షిస్తే, 88 శాతం లాట్లకు గడువు పొడిగించవచ్చని తేలింది. కానీ అవి సీలు విప్పనివి, గోదాముల్లో జాగ్రత్తగా ఉంచినవి, ఎప్పటికప్పుడు ల్యాబులో చూసినవి. మనది సముద్రపు గాలి. డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది, ఇక మాత్రలెంత? క్లావులనేట్ కలిసిన అమాక్సిసిలిన్‌కు తేమ బొత్తిగా పడదు. పొడిలో నీళ్లు కలిపాక ఆ మందు సిరప్పు ఫ్రిజ్‌లో పెట్టినా వారం రోజులే. సీసా మీది తేదీ పొడికి వేసింది.

టైఫాయిడ్‌తో పిల్లలు పోవడం చూసినవాణ్ణి, నాకు ఈ యాంటీబయాటిక్ మందులంటే భక్తి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనలు నడిపిన కాలంలోనే, 1948లో, అక్కడి నుంచి ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. ఆ కుటుంబంలోదే టెట్రాసైక్లిన్. నిల్వలో పాడైన టెట్రాసైక్లిన్ మింగినవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్నాయని 1963లో అమెరికా వైద్యులు రాశారు. తర్వాత ఆ మాత్రల తయారీ మార్చారు. అయినా నాకు అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. బలం తగ్గిన మందు రెండు పూటలు మింగితే చచ్చేవి బలహీనమైన క్రిములే, మొండివి మిగిలి పెరుగుతాయి. రేపు నిజంగా అవసరమైనప్పుడు కొత్త మందు కూడా పట్టదు.

2025 జనవరి 8న ప్రధాని మా బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. మందులు చేసే ఊరు మాది. అదే ఊళ్లో పాత మందు ఎక్కడ పారేయాలంటే చెప్పేవాడు లేడు. చెత్తలోకి, కాలవలోకి పోతోంది. కేరళలో ఔషధ నియంత్రణ శాఖవాళ్లు కోళికోడ్‌లో ఇళ్ల నుంచి వాడని మందులు సేకరించడం మొదలుపెట్టారు. మా ఆస్పత్రి గుమ్మంలోనూ తాళం వేసిన పెట్టె ఒకటి పెట్టండి, నేనడిగేది అంతే. మా వీధి డబ్బాలన్నీ నేనే తిరిగి తెచ్చి అందులో వేస్తాను.