సంతకం చూడని చీటీ

ఇందుకూరుపేట వైపు మా రొయ్యల గుంటల మీద పట్టుబడి రోజున కాటా దగ్గర నాయన నిలబడితే ఎవరి ఆటలూ సాగవు. తూకం చీటీ చేతికిస్తే ముందు అంకెలు చూడడు, కింద సంతకం చూస్తాడు. లేకపోతే "చిత్తు కాగితం ఇస్తుండావేంది అబ్బయ్యా" అని వెనక్కిచ్చేస్తాడు. ఆ మనిషి కొడుకుని నేను. కోడ్ రాసి బతుకుతుంటాను.

ఒక రొయ్యల వ్యాపారికి చిన్న యాప్ చేసిచ్చాను. రైతు లాగిన్ అయితే తన కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), రేటు, రావాల్సిన డబ్బు కనబడాలి. లాగిన్ అయిన ఫోనుకి సర్వరు ఒక టోకెన్ ఇస్తుంది. జేడబ్ల్యూటీ అంటారు. చుక్కలు పెట్టి అతికించిన మూడు ముక్కలు. సంతకం ఏ పద్ధతిలో చేశారో మొదటిదాంట్లో, మనిషి వివరాలు రెండోదాంట్లో ఉంటాయి. చూడ్డానికి గజిబిజిగా ఉంటాయి గానీ ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. మూడోది సంతకం. సర్వరు తన రహస్యపు తాళంతో మొదటి రెండు ముక్కల మీదా హెచ్‌మ్యాక్ లెక్క కట్టి తీసేది అదే. టోకెన్ తిరిగొచ్చినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ కట్టి, కలిసిందో లేదో చూడాలి.

నేను చూడలేదు. నోడ్‌లో టోకెన్లు చూసే లైబ్రరీలో డికోడ్, వెరిఫై అని రెండు ఫంక్షన్లు ఉంటాయి. డికోడ్ ఉన్నది చదివి ఊరుకుంటుంది. రాత్రి 11 గంటలకి వెరిఫై ఎర్రర్ మీద ఎర్రర్ కొడుతుంటే విసుగొచ్చి డికోడ్ పెట్టాను. పనిచేసింది. పడుకున్నాను. తాళం దాచిన ఫైలు చివర ఒక ఖాళీ లైను పడి సంతకం కలవలేదని తెలిసేసరికి నాలుగు నెలలు.

సంక్రాంతి సెలవులకొచ్చిన మేనల్లుడు, బీటెక్ రెండో ఏడు, అరిసె నములుతూ తాతయ్య ఫోన్‌లో టోకెన్ విప్పాడు. రెండో ముక్కలో 'రైతు' అన్నచోట 'ఓనరు' అని మార్చి పంపాడు. "మామా, ఊళ్లో ఎవరికి ఎంత రావాలో చదవనా?" అన్నాడు. చదివాడు కూడా, వరసగా.

సిగ్గుపడి వెరిఫై పెట్టాను. తాళం మాత్రం మైపాడు పేరు, పక్కన 123. వాడు చుట్టుపక్కల ఊళ్ల పేర్లన్నీ రాసి అంకెలు తగిలించి, భోజనానికి పిలిచేలోగా పట్టేశాడు. సర్వరు తలుపు తట్టే పనే లేదు, ఒక్క టోకెన్ చేతిలో ఉంటే ఇంట్లోనే కూర్చుని లెక్క కలిసేదాకా ఊహించుకోవచ్చు. హెచ్‌ఎస్256 అనే ఈ సంతకం పద్ధతికి తాళం కనీసం 256 బిట్లు ఉండాలని 2015 మేలో వచ్చిన ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 7518 చెబుతుంది. నాది ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, 72 బిట్లు. అది చాలదన్నట్టు బిల్లుల ప్రోగ్రాం రాసే కుర్రాడికి వాట్సాప్‌లో పంపి ఉన్నాను, టోకెన్లు సరిచూసుకుంటాడని. సరిచూసే తాళమూ సంతకం పెట్టే తాళమూ ఇందులో ఒకటే. అంటే ఎవరి పేరునైనా టోకెన్ రాసుకొమ్మని కలం కూడా ఇచ్చినట్టే.

ఇప్పుడు 32 బైట్ల యాదృచ్ఛిక తాళం పెట్టాను. హెచ్‌ఎస్256 తప్ప మరో పద్ధతి ఒప్పుకోవద్దని వెరిఫైకి రాసిచ్చాను. తాళం మారేసరికి పాత టోకెన్లన్నీ చెల్లలేదు. తెల్లారి నాయన ఫోన్ చేశాడు.

"ఏందబ్బయ్యా, మళ్లా లాగిన్ అవమంటుండాది?"

"పాత చీటీలు చెల్లవు నాయనా."

ఎందుకని అడిగాడు. ఇంకా చెప్పలేదు.