ఉమ్మడి ఆల్బమ్ వినే విధానం

ఇండీ పాప్‌లో ఒక రకం ఆల్బమ్‌లుంటాయి. ఒక బ్యాండ్ నుంచి గాయకుడు, ఇంకో బ్యాండ్ నుంచి గాయని, మరో చోట నుంచి బీట్లు కట్టే మనిషి వచ్చి, తలా ఒక చెయ్యి వేసి చేసినవి. అలాంటివాటిని ఊరికే చెవిలో పెట్టుకుని వినేయడం మర్యాద కాదు. దానికో పద్ధతుంది. కొత్తవాళ్ళ సౌకర్యం కోసం ‘ది పోస్టల్ సర్వీస్’ వాళ్ళు 2003 ఫిబ్రవరిలో తెచ్చిన ‘గివ్ అప్’ ఆల్బమ్‌ను ముందు పెట్టుకుని ఆ పద్ధతి చెబుతాను.

కావలసినవి: వైరున్న ఇయర్‌ఫోన్స్ ఒక జత, నోట్‌బుక్ ఒకటి, పారిపోయే వీల్లేని శ్రోత ఒకరు, పాటల మీద ఇష్టం చిటికెడు. చివరిది దొరక్కపోయినా పని ఆగదు.

1. ముందు గోత్రాలు అడగండి

సంబంధం కలుపుకునేటప్పుడు ఇంటిపేరు అడగమూ? ఇదీ అంతే. పాడే బెన్ గిబ్బర్డ్‌ది డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ, కాపురం సియాటెల్‌లో. బీట్లు కట్టే జిమ్మీ టాంబొరెల్లో లాస్ ఏంజెలస్‌లో డింటెల్ అనే పేరు పెట్టుకుని ఒంటి చేత్తో సంసారం ఈదుతున్నవాడు. పక్కన గొంతు కలిపే జెన్నీ లూయిస్ రైలో కైలీ వారి ఆడపడుచు. 2001లో డింటెల్ ఆల్బమ్‌లో గిబ్బర్డ్ ఒక పాట పాడాడు. దాన్ని నిశ్చితార్థం కింద రాసుకోండి. ఇదంతా నోట్‌బుక్‌లోకి ఎక్కేదాకా ప్లే బటన్ జోలికి వెళ్ళొద్దు.

2. పంపకాలు చెయ్యండి

ఉమ్మడి ఆస్తి అన్నాక వాటాలు తేలాలి. టాంబొరెల్లో బీట్లు, కీబోర్డు వరసలు కట్టి టేపులు పోస్టులో పంపేవాడు. గిబ్బర్డ్ వాటిని కోసి, అటుది ఇటు జరిపి, బాణీ కట్టి, మాటలు రాసి, పాడి తిరుగు టపాలో వేసేవాడు. బృందం పేరు అలా వచ్చిందే. ఒకరు వదిలిన ఖాళీలో ఇంకొకరు సర్దుకుని కూర్చున్నారు కాబట్టి ఎవరిది ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. అయినా మీరు చెప్పాలి. “ఈ ముక్క పక్కా డింటెల్‌ది” అని కళ్ళు మూసుకుని అనండి. కాదనడానికి ఆ కవరు విప్పినప్పుడు పక్కన ఎవరూ లేరు.

3. పాట నడుస్తుండగా కథ చెప్పండి

చెప్పేవాడికి వినేవాడు లోకువన్నారు పెద్దలు. ఈ ఆల్బమ్‌కు కథ కూడా అమోఘంగా కుదిరింది. ఆ పేరు మాది, వాడొద్దని అమెరికా తపాలా శాఖ వీళ్ళకు నోటీసు పంపింది. కోర్టుదాకా పోకుండా 2004లో రాజీ కుదిరింది. పేరు వాడుకోండి, బదులుగా మా పెద్దల సమావేశంలో కచేరీ చెయ్యండి, మీ సీడీ మా వెబ్‌సైట్‌లో అమ్ముతాం అన్నారు. పాము చావలేదు, కర్ర విరగలేదు.

ఈ కథ ఎత్తుకోవడానికి సరైన చోటు ‘నథింగ్ బెటర్’ పాట. అందులో ఒక జంట విడిపోతూ ఉంటుంది. అతను బతిమాలుతుంటాడు. కాసేపటికి అతిథి గాయని జెన్ వుడ్ గొంతుతో ఆవిడ అందుకుని, తానెందుకు వెళ్ళిపోతోందో పటాలు గీసుకొచ్చి మరీ పాఠం చెబుతుంది. ఆల్బమ్ మొత్తంలో అతని మాటకు ఎదురుమాట ఇంత గట్టిగా పడేది ఇక్కడే. కాబట్టి ఆవిడ నోరు తెరవగానే మీరూ తెరవండి.

4. “నేను ముందే విన్నాను” అనండి

‘సచ్ గ్రేట్ హైట్స్’ పాటను ఐరన్ అండ్ వైన్ నెమ్మదిగా, గిటారు మీద పాడారు. అది 2004లో ‘గార్డెన్ స్టేట్’ సినిమాలోకి ఎక్కింది. తర్వాత ఆ పాట యూపీఎస్ కొరియర్ ప్రకటనల్లోనూ మోగింది. తపాలా శాఖతో పేరు కోసం అంత రభస పడితే, పాట వెళ్ళి దాని పోటీదారు వ్యాన్ ఎక్కింది. ఈ దారుల్లో వచ్చినవాళ్ళను జాలిగా చూడండి. 2012కల్లా ఈ ఆల్బమ్ అమెరికాలో 10 లక్షల ప్రతుల గుర్తింపు పొందింది. దీన్ని విడుదల చేసిన సబ్ పాప్ సంస్థకు నిర్వాణ ‘బ్లీచ్’ తర్వాత ఇంతగా అమ్ముడైంది ఇదే. అంటే మీ ఒక్కరికే తెలిసిన ఈ రహస్యం ఇంకో 10 లక్షల ఇళ్ళలో ఉందన్నమాట. ఆ సంగతి బయటికి పొక్కనీయకండి.

5. రెండో ఆల్బమ్ కోసం కాచుక్కూచోండి

చేతిలో ఉన్నదాన్ని వినకుండా ఉండటానికి ఇంతకంటే గౌరవప్రదమైన మార్గం లేదు. 2013లో పదేళ్ళ పండగకు వాళ్ళు మళ్ళీ కలిసి ఊరూరా తిరిగారు. 2023లో ఇరవయ్యేళ్ళ పండగ చేశారు. గిబ్బర్డ్ అటు డెత్ క్యాబ్ ఆల్బమ్, ఇటు ఇది, రెండూ ఒకే రాత్రి పాడి దిగాడు. రెండో ఆల్బమ్ మాత్రం లేదు. పోస్టులో ఆలస్యమై ఉంటుంది.

6. వినడం (వీలుంటేనే)

పది పాటలు, ముప్పావుగంట. పై అయిదూ సవ్యంగా చేస్తే దీనికి తీరిక దొరకదు. నాకూ దొరికేది కాదు, ఒకసారి మా చెల్లెలు నాతో విజయవాడ బస్సెక్కకపోయి ఉంటే.

కిటికీ సీటు తనది, పక్క సీటు నాది. ఇంతకంటే పారిపోలేని శ్రోత దొరకదు. చౌటుప్పల్ దగ్గర గోత్రాలతో మొదలుపెట్టి, సూర్యాపేటలో టీ తాగేవేళకు తపాలా శాఖ రాజీదాకా వచ్చాను. బస్సు కదిలాక, ఇక చెప్పడానికేమీ మిగలక, ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి ‘సచ్ గ్రేట్ హైట్స్’ వేశాను.

“అన్నయ్యా, నీ ఇయర్‌ఫోన్ పాడైపోయింది. చుక్క పడుతోంది, ఆగుతోంది,” అంది.

పాడవలేదు. ఆ పాట మొదట్లో వచ్చే టిక్కుటిక్కులు ఒకటి ఎడమ చెవిలో పడితే ఇంకోటి కుడి చెవిలో పడతాయి. తనకు వినబడనివి నాకు, నాకు వినబడనివి తనకు. ఆ సంగతి నా నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. మళ్ళీ మొదటికి తెచ్చాను. తనకు చుక్క పడినప్పుడు తను నా మోకాలి మీద వేలితో కొట్టింది, నాకు పడినప్పుడు నేను ముందు సీటు కడ్డీ మీద కొట్టాను. రెండూ కలిస్తేగాని మాకు పాట మొదలవలేదు.

ఎవరిది ఏ బ్యాండో తను అడగలేదు. కోదాడ దాటాక ఒక్కటే అడిగింది.

“వీళ్ళది ఇంకో ఆల్బమ్ లేదా?”

“లేదే.”

“అయితే ఇదే మళ్ళీ పెట్టు.”